బండి వెనక కూర్చున్న ఇశ్రాయేలు

గుర్రమంటే పెళ్ళి దాకా నాకు తెలిసింది కొండపల్లి బొమ్మే. మా నాన్న ఆ ఊళ్ళో రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. మా వీధి చివర బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళ ముందు పొణికి కర్రతో చెక్కిన గుర్రాలు రంగు ఆరడానికి ఎండలో వరసగా నిలబడి ఉండేవి. అవి తన్నవు, కరవవు, తిండి అడగవు. అలాంటి ఊరి పిల్లని తెచ్చి పటమటలో జట్కావాళ్ళ ఇంట్లో పడేశారు. సంబంధం కుదిర్చిన మా మేనత్త తెరేసమ్మ “అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, నీది అదృష్టమే హన్నా” అని నన్ను సాగనంపింది. అత్త లేదన్నది నిజమే. ఆ స్థానంలో మైనా ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మైనా మా మావయ్య ఇశ్రాయేలు గుర్రం. తెల్లటి ఆడగుర్రం, ముక్కు మీద బూడిద రంగు మచ్చ. పొద్దున్నే ముందు దానికి ఉడికించిన ఉలవలు, ఆ తర్వాతే మాకు కాఫీ. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. మా మైనాకి కళ్ళు బ్రహ్మాండంగా కనిపించేవి. ఉలవల కుండ దించడం కాస్త ఆలస్యమైతే పాక గుంజని కాలితో తన్ని మరీ నన్ను పిలిచేది. పెళ్ళయిన కొత్తలో నేను మా ఆయన అబ్రహాముతో పోట్లాడిన పోట్లాటల్లో సగం దాని గురించే. ఆ ఇంట్లో దాని మాటే నెగ్గేది.

అది డెబ్భై మూడో సంవత్సరం. బందరు రోడ్డుకి కొంచెం లోపలగా, కాలవ గట్టు పక్కన మా పేట. ఉన్నవన్నీ జట్కావాళ్ళ ఇళ్ళే. ఇంటికో పాక, పాకకో గుర్రం. గుర్రంతో బతికినవాళ్ళ ఒళ్ళు చూస్తే వాళ్ళ కథ తెలిసిపోతుంది. జట్కా స్టాండుకి పెద్ద అయిన మస్తాన్ గారు కుంటేవారు. ఎదురింటి బసవపున్నయ్యకి ముందు పళ్ళు లేవు. మా మావయ్య ఎడమ చేతికి రెండు వేళ్ళు వంగవు, పగ్గాలు చుట్టుకున్న చేతిని ఒక పొగరుబోతు గుర్రం లాగేసిందట. ఎవరి దేవుడు వాళ్ళకే, ఎవరి పండగ వాళ్ళదే. గుర్రానికి కడుపునొప్పి వచ్చిందంటే మాత్రం పేటంతా ఒక్క ఇల్లే. కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని పడుకోనిస్తే పేగు మెలిపడి చచ్చిపోతుంది, నడిపిస్తూనే ఉండాలి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు తాడు అందుకునేవాళ్ళు. అంతకు ముందు రోజు కాలవ రేవులో జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఒకరి చేతిలోంచి ఒకరు ఆ తాడు తీసుకోవడం నేను చూశాను.

సంతోషాలు కూడా గుర్రాలతోనే. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు గుర్రాలకి స్నానాలు కృష్ణలో. ఆదివారం చర్చి అయ్యాక పేటంతా భవానీపురం వైపు రేవుకి పోయేది. మగవాళ్ళు జీను లేకుండా ఒట్టి వీపు మీద ఎక్కి ఇసకలో పరిగెత్తించేవాళ్ళు. కొత్త కోడల్ని ఇంటి గుర్రం ఎక్కించి మోకాలి లోతు నీళ్ళలో నడిపించడం మా పేటలో ఆచారం. నేను ఎక్కనంటే ఎక్కనన్నాను. మావయ్య బతిమాలలేదు. మైనా కళ్ళెం పట్టుకుని నా ముందు ఊరికే నిలబడ్డాడు.

“అది నిన్ను చూసి భయపడతందమ్మా. నువ్వు ఎక్కితే దాని భయం పోద్ది” అన్నాడు.

పచ్చి అబద్ధం. అయినా ఎక్కాను. నీళ్ళు దాని కాళ్ళకి తగిలి చల్లగా నా పాదాల మీద చిందాయి, కింద దాని ఊపిరి నా మోకాళ్ళకి తెలిసింది. ఎందుకో తెలియదు గానీ గట్టిగా నవ్వేశాను. ఆ తర్వాత ఆదివారాలు నేనే ముందు తయారయ్యేదాన్ని.

మావయ్య మాటకారి కాడు. బండి మీద ఎక్కినవాళ్ళతో ఆయన చెప్పేది ఒకటే మాట, “కాస్త ముందుకు జరగండి”. జట్కాకి రెండే చక్రాలు, బరువు వెనక్కి పడిందంటే ముందున్న కర్రలు గుర్రంతో సహా పైకి లేస్తాయి. అందుకని ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆ మాట అని, మనుషులు సర్దుకున్నాకే పగ్గాలు కదిపేవాడు. కొరడా ఉండేది గానీ అది బండికి అలంకారం. ఇన్నేళ్ళుగా వినీ వినీ మైనాకి అదే అలవాటైపోయింది. ఆ మాట చెవిన పడితే గానీ అడుగు వేసేది కాదు. ఖాళీ బండి అయినా సరే మావయ్య వెనక్కి తిరిగి “కాస్త ముందుకు జరగండి” అనాల్సిందే. స్టాండులో వాళ్ళు ఆట పట్టించేవాళ్ళు, “ఇశ్రాయేలు దయ్యాల్ని ఎక్కించుకుని పోతన్నాడు” అని.

అప్పటికే రోడ్డు మీద రిక్షాలు ఎక్కువయ్యాయి, ఆటోలు కూడా మొదలయ్యాయి. జట్కా ఎక్కేవాళ్ళు పాత వాడుకదార్లే మిగిలారు. ముసలివాళ్ళు, సామాన్లున్నవాళ్ళు, మాణిక్యమ్మ గారి లాంటి వాళ్ళు. ఆవిడ బడిలో పంతులమ్మ. తన పెళ్ళి కాకముందు నుంచీ మా మావయ్య బండిలోనే బడికి వెళ్ళేవారు. మిగతా బండ్లు ఖాళీగా నిలబడి ఉండడం చూసి అబ్రహాముకి దిగులు పట్టుకుంది. మా ఆయనకి దిగులు పుడితే తెలివితేటలు కూడా పుడతాయి. అదే ప్రమాదం.

తెల్ల గుర్రం కదా, పెళ్ళిళ్ళకి ఊరేగింపులో తిప్పుదామన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. “ఒక గుర్రానికి ఒకటే పని” అన్నాడు, అంతే. అబ్రహాము ఊరుకోలేదు. బ్యాండు మేళంలో డోలు కొట్టే లాజరు మా ఆయన స్నేహితుడు. ఇద్దరూ కలిసి మైనాని నది ఇసకలోకి తీసుకుపోయి, డోలు మోగగానే ముందు కాళ్ళు రెండూ పైకెత్తడం నేర్పారు. ఎత్తినప్పుడల్లా బెల్లం ముక్క. పెళ్ళికొడుకు ఎక్కి కూర్చుంటే జనం చప్పట్లు కొడతారని వాళ్ళ ఆలోచన. అదే గుర్రం మర్నాడు బండి లాగుతుందన్న సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ గుర్రాల మధ్య పెరిగినవాడే అలాంటి తప్పు చేస్తాడు. గుర్రం అంటే ఏమిటో తెలియనివాడు దానికి డాన్సు నేర్పించే సాహసం చేయడు.

డెబ్భై ఆరులో మాఘమాసం, ముహూర్తాల రోజులు. మావయ్య మాణిక్యమ్మ గారిని బడి నుంచి తీసుకొస్తున్నాడు. కాలవ వంతెన దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చింది. డోలు మోగింది. మైనా పాపం నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. ముందు కాళ్ళు రెండూ లేపింది, బండి వెనక్కి ఒరిగిపోయింది, మాణిక్యమ్మ గారు రోడ్డు మీద పడ్డారు. ఆవిడ మణికట్టు విరిగింది. మైనా కాళ్ళు దింపి, మెడ తిప్పి, బెల్లం కోసం చూసిందట. మావయ్యకి ఆ చూపు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మావయ్య పాకలో దాని కళ్ళు, చెవులు, కాళ్ళు అన్నీ వెతుకుతున్నాడు, ఏం జబ్బు చేసిందా అని. అబ్రహాము వెళ్ళి జరిగిందంతా చెప్పేశాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మావయ్య కొడతాడనుకున్నాను, కొట్టాల్సిందే అని కూడా అనుకున్నాను. ఆయన గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

“దానికి పిచ్చి పట్టిందేమో అనుకున్నాన్రా. బాగానే ఉంది. చెప్పిన పని చేసింది” అన్నాడు. ఆ మాటకి మా ఆయన ఏడ్చాడు. దెబ్బ తిన్నా అంత ఏడ్చేవాడు కాదు.

మర్నాడు మస్తాన్ గారు వచ్చారు. ఆయన ఏం చెప్పడానికి వచ్చారో పేటలో అందరికీ తెలుసు. మా స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. మనుషుల్ని పడేసిన గుర్రాన్ని మళ్ళీ బండికి కట్టాలంటే, ఏ చోట పడేసిందో ఆ చోటు మీదుగా, ఏ కారణానికి బెదిరిందో ఆ కారణం ఎదుటే, ముందు సొంత ఇంటివాళ్ళని ఎక్కించుకుని పోవాలి. స్టాండు వాళ్ళంతా చూడాలి. ముందు ఇంటోళ్ళు, తర్వాతే ఊరోళ్ళు. ఇంటోళ్ళంటే దూకి తప్పించుకోగల మగవాళ్ళు కాదు, ఆడవాళ్ళు, పిల్లలు. నీ వాళ్ళని నమ్మి కూర్చోబెట్టలేని గుర్రం వెనక పరాయివాళ్ళని కూర్చోబెట్టే హక్కు నీకు లేదు అని దాని అర్థం. ఇంతకంటే న్యాయమైన చట్టం నేను ఏ కోర్టులోనూ వినలేదు.

మా ఇంట్లో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అప్పుడు నాకు నాలుగో నెల.

మస్తాన్ గారు నా వైపు చూడకుండా మాట్లాడారు. “తొందరేం లేదు ఇశ్రాయేలూ. అమ్మాయి కాన్పయి, బిడ్డ కాస్త పెద్దదయ్యాకే చూద్దాం.”

“అందాకా మైనాకి తిండి?” అన్నాడు మావయ్య. అది నిజం. పని లేని గుర్రాన్ని సాకే స్తోమత మా పేటలో ఎవరికీ లేదు. బండికి పనికిరాని గుర్రం ఇటుక బట్టీలకి పోతుంది. అక్కడికి పోయినది తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మావయ్య ఆ సామెత వినలేదేమో, మైనా నేర్చినదాన్ని మరిపించే పని మొదలుపెట్టాడు. అందుకు ఆయన పిలిచింది లాజరునే. మైనా ఉలవలు తినే వేళకి లాజరు వచ్చి పాక బయట దూరంగా నిలబడి డోలు మెల్లగా కొట్టాలి. మైనా ముందు కాళ్ళు లేపితే ఏమీ లేదు. తిట్టు లేదు, దెబ్బ లేదు, బెల్లం లేదు. నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే మావయ్య చేతిలోంచి బెల్లం. మొదట్లో అది కాళ్ళెత్తి, మావయ్య ముఖం చూసి, తెల్లబోయి దింపేది. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. రోజురోజుకీ లాజరు ఒక్కో అడుగు దగ్గరికి జరిగాడు. నడి ఎండాకాలంలో ఆ డోలు మోతని పేటంతా భరించింది. బసవపున్నయ్య ఒక్కడే “మాకు కూడా బెల్లం పెట్టండయ్యా, కదలకుండా పడుంటాం” అన్నాడు.

కాలవలకి నీళ్ళు వదిలే నాటికి లాజరు దాని చెవి పక్కన నిలబడి కొట్టినా మైనా కదిలేది కాదు. రాయిలా నిలబడి మెడ మాత్రం తిప్పేది, బెల్లం ఏదీ అన్నట్టు. మావయ్య నడుముకి చిన్న గుడ్డసంచీ వచ్చి చేరింది. అందులో ఎప్పుడూ బెల్లం ఉండేది, చీమలూ ఉండేవి.

గుర్రం సిద్ధంగా ఉంది, ఇన్నాళ్ళూ దాని ఉలవలకి చేసిన అప్పు నెత్తి మీద ఉంది. కానీ మావయ్య నన్ను ఎక్కమనలేదు. నేను నీళ్ళ బిందె ఎత్తితేనే అరిచే మనిషాయన. పాకలో గుర్రాన్ని నమ్మడం వేరు, రోడ్డు మీద నమ్మడం వేరు. ఆయన అడగడని నాకు తెలుసు, అడగకుండా ఏం చేస్తాడో కూడా తెలుసు. ఒకరోజు పొద్దున ఇటుక బట్టీ మనిషి వచ్చి మైనా పళ్ళు చూస్తున్నాడు. మావయ్య దాని ముఖం వైపు చూడలేక తొట్టి కడుగుతున్నాడు. కడిగిన తొట్టినే మళ్ళీ కడుగుతున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బయట కర్రలు నేలకి దించి పెట్టిన బండి ఉంది. వెళ్ళి ఎక్కి కూర్చున్నాను.

“దిగమ్మా” అన్నాడు మావయ్య.

“బండి కట్టండి మావయ్యా.”

“నిండు కడుపుతో ఉన్నావు. దిగు.”

“నన్ను నది నీళ్ళల్లో ఎక్కించినప్పుడు ఏవన్నారు? నేను ఎక్కితే దాని భయం పోద్దన్నారు. ఇప్పుడు భయం దానికి కాదు, మీకు.”

అలా అనవలసింది కాదేమో. ఆయన ముఖం చిన్నబోయింది. “అవునమ్మా, నాకే” అన్నాడు. తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ బట్టీ మనిషి వైపు తిరిగి, “నువ్వు కాసేపు ఆగు” అన్నాడు. వాడు ఆగాడు. అది కూడా పరీక్షలో భాగమే అనిపించింది.

నాకు భయం లేదని చెప్తే మైనా నవ్వుతుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ కూర్చున్నాను. నా నమ్మకం గుర్రం మీద కాదు. ఒక జంతువుకి తప్పుని మరిపించడానికి ఎండాకాలమంతా దెబ్బ కొట్టకుండా నిలబడ్డ మనిషి మీద.

పేటంతా వంతెన దగ్గరికి వచ్చింది. లాజరు డోలు తగిలించుకుని అవతలి వైపు నిలబడ్డాడు. మావయ్య పగ్గాలు పట్టుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన పగ్గాలు అబ్రహాము చేతిలో పెట్టాడు.

“నీ పెళ్ళాం, నీ బిడ్డ. నువ్వే తోలు” అన్నాడు.

నన్ను ముందుకి, పగ్గాలకి దగ్గరగా కూర్చోబెట్టాడు. తను వెళ్ళి బండి వెనక అంచున, మాణిక్యమ్మ గారు పడిన చోట, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆయన తన బండిలో వెనక కూర్చోవడం పేటలో ఎవరూ చూడలేదు.

అబ్రహాము తిరిగి చూశాడు. “కాస్త ముందుకు జరుగు నాన్నా. బరువు వెనక్కి పడతంది.”

“పడనీ. నేను జరగను.”

అప్పుడర్థమైంది నాకు. మైనా కాళ్ళెత్తితే, బండి ఒరిగేలోపు ఆయన వెనక నుంచి జారి దిగిపోతాడు. వెనక బరువు పోతే కర్రలు కిందికి వస్తాయి, నేను పడను. దిగడం ఆలస్యమైతే బండి ఆయన మీద పడుతుంది. ఆ లెక్క వేసుకునే ఆ చోటు ఎంచుకున్నాడు.

ముందుకు జరగమన్న మాట వినపడింది కదా, మైనా కదిలింది. వంతెన ఎక్కగానే డోలు మోగింది. నేను కళ్ళు మూసుకున్నాను. బండి ఆగింది. ఒరగలేదు. కళ్ళు తెరిస్తే మైనా నాలుగు కాళ్ళూ నేలకి పాతినట్టు నిలబడి, మెడ వెనక్కి తిప్పి, మా అందర్నీ దాటి బండి చివరికి చూస్తోంది. బెల్లం కోసం.

మావయ్య దిగి ముందుకి నడిచి వెళ్ళి బెల్లం పెట్టాడు. రోడ్డు మీద వెనక లారీలు, రిక్షాలు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. మస్తాన్ గారు కుంటుకుంటూ వచ్చి మైనా నుదురు నిమిరి, “రేపటి నుంచి స్టాండుకి తీసుకురా” అన్నారు. బట్టీ మనిషి ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు. మొదటి బేరం మాణిక్యమ్మ గారిదే. కట్టు విప్పినా ఇంకా సరిగా తిరగని చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆయన చెప్పకముందే ముందుకి జరిగి కూర్చున్నారు.

ఆ తర్వాత బందరు రోడ్డు మీద ఎక్కడ డోలు మోగినా మైనా ఆగిపోయేది. పెళ్ళయినా, జాతరైనా, ఎన్నికల ఊరేగింపైనా సరే, బెల్లం పడితే గానీ కదిలేది కాదు. ఎక్కినవాళ్ళు విసుక్కుంటే మావయ్య సంచీ విప్పుతూ “తప్పు మాదేనండీ” అనేవాడు. కొడుకుదని ఒక్కసారి కూడా అనలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు వానల్లో ఆయనకి రొమ్ము జ్వరం, డాక్టర్లు న్యుమోనియా అనేది, పట్టుకుంది. ఎక్కువ బాధపడకుండానే పోయాడు. మా పాప ఎలిజబెత్‌ అప్పటికి మైనా కాళ్ళ సందుల్లోంచి దూరి ఆడుకునే వయసుకి వచ్చింది. మా పేటలో పోయినవాణ్ణి సొంత బండి మీదే సమాధులకి తీసుకుపోతారు. బండి మీది గూడు తీసేసి పెట్టె ఎక్కించారు. అబ్రహాము పగ్గాలు పట్టుకున్నాడు. బ్యాండు మేళం వాళ్ళు ముందు నిలబడ్డారు. లాజరు డోలు మీద మొదటి దెబ్బ వేశాడు.

మైనా నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడింది. మెడ వెనక్కి తిప్పింది.

లాజరు చెయ్యి ఆగిపోయింది. ఎవరూ దాన్ని అదిలించలేదు. నేను లోపలికి పరిగెత్తాను. స్నానం చేయించినప్పుడు ఆయన నడుము నుంచి తీసిన గుడ్డసంచీ మేకుకి వేలాడుతోంది. చీమలు దులిపి, ముక్క తెచ్చి మైనా నోటికి అందించాను. మెల్లగా నమిలింది. అయినా కదల్లేదు. పగ్గాలు కదిపినా కదల్లేదు. మస్తాన్ గారు తల దించుకున్నారు. నేను అబ్రహాము వైపు చూశాను. తనకి ఒక్క క్షణం పట్టింది, అర్థం కావడానికి.

మా ఆయన వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు.

“కాస్త ముందుకు జరుగు నాన్నా” అన్నాడు.

బండి కదిలింది.